క్యాన్సర్ తగ్గింది సరే, తర్వాత మాటేమిటి?

క్యాన్సర్ వచ్చిందంటే ఇక కాటికేనని అనుకునే రోజులు పోయాయి. తొలి దశలో కనిపెడితే చాలా రకాల క్యాన్సర్లకు ఇవాళ వైద్యం ఉంది. ఆపరేషన్ చేయించుకుని, కీమో ఎక్కించుకుని, కరెంటు పెట్టించుకుని, ఊడిన జుట్టు మళ్లీ మొలిచాక పనిలోకి వచ్చినవాళ్లు మన మధ్యనే ఉన్నారు. అయితే వాళ్లెవరో మనకు తెలియదు. ఎందుకంటే వాళ్లు నోరు విప్పరు. చెబితే పని పోతుందని భయం. పక్క మంచం మనిషి దూరం జరుగుతాడని భయం. ఊళ్లో ఆడపిల్ల పెళ్లికి అడ్డొస్తుందని భయం. ఈ వారం వాళ్ల గురించి మాట్లాడుకుందాం.

మేము వఫ్రా మజ్రాల్లో పనిచేసేవాళ్లం. కువైట్ దక్షిణపు కొసన, సౌదీ సరిహద్దు పక్కన, ఇసుకలో షెడ్లు వేసి టమాటా, కీర దోస పండించే చోటు ఇది. క్యాన్సర్ ఆస్పత్రి ఉన్న షువైక్ ఇక్కడికి సుమారు 100 కిలోమీటర్లు. మందు అయిపోయిన రోగిని డాక్టరు గారు పంపిస్తూ నాలుగు మంచి మాటలు చెబుతారు. బాగా తిను, నడువు, పొగ మానెయ్యి, ఎండకు తిరగకు, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకో. ఆ మాటలు పట్టుకుని వఫ్రా చేరిన మనిషి, మర్నాడు తెల్లవారుజామునే షెడ్డులోకి దిగాలి. ఆ నాలుగు మాటల్లో ఎన్ని ఇక్కడ పాటించడానికి వీలవుతాయి?

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. క్యాన్సర్ నుంచి బయటపడిన కూలీలకు మంచి అలవాట్లు నేర్పి, వాటి ఫలితం ఏమిటో లెక్క కట్టే పరిశోధన కార్యక్రమం ఒకటి మొదలు కావాలి. దానికి క్యాంపుకూ ఆస్పత్రికీ మధ్య, కువైట్‌కూ మన ఊరికీ మధ్య వారధిలా ఉండే సమన్వయకర్త కావాలి. కరపత్రాలు పంచి చేతులు దులుపుకుంటే సరిపోదు.

కాగితం చేయలేనిది మనిషి చేశాడు

ఇది మా సొంత పైత్యం కాదు. 2025 జూన్‌లో పెద్ద పరిశోధన ఒకటి వెలువడింది. పేరు ‘ఛాలెంజ్’. కెనడా వైద్యుల నాయకత్వంలో 55 కేంద్రాల్లో జరిగింది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిని తీసుకుని రెండు జట్లుగా చేశారు. మంచి తిండి, వ్యాయామం గురించి రాసిన పుస్తకాలు రెండు జట్లకూ ఇచ్చారు. ఒక జట్టుకు మాత్రం వాటితో పాటు ఒక శిక్షకుణ్ని కూడా ఇచ్చారు. ఆ శిక్షకుడు 3 ఏళ్లపాటు వాళ్లను పలకరిస్తూ, నడిపిస్తూ, మానేస్తే కారణం అడుగుతూ వెంట ఉన్నాడు. వాళ్లు చేసింది పెద్ద కసరత్తేమీ కాదు. ఎక్కువమందికి వారంలో మూడు నాలుగుసార్లు, ముప్పావుగంట నుంచి గంట వరకు చురుకైన నడకతో సరిపోయేదే.

ఫలితం చూడండి. శిక్షకుడున్న జట్టులో 5 ఏళ్లకు రోగం తిరగబెట్టకుండా ఉన్నవారు 80.3 శాతం. పుస్తకం మాత్రమే అందిన జట్టులో 73.9 శాతం. 8 ఏళ్లకు ప్రాణాలతో ఉన్నవారు మొదటి జట్టులో 90.3 శాతం, రెండో జట్టులో 83.2 శాతం. అంటే ప్రతి వందమందిలో అదనంగా ఏడుగురు నిలబడ్డారు. కొత్త మందుకు ఇలాంటి ఫలితం వస్తే దాని ధర ఎంత పెడతారో మనకు తెలియంది కాదు. ఇక్కడ మందు నడక. దాన్ని మింగించింది వెంట ఉన్న మనిషి. అయితే వ్యాయామం చేసిన జట్టులో కండరాల నొప్పులు, దెబ్బలు కొంత ఎక్కువగా కనిపించాయి. అందుకే ఎవరికి ఎంత నడక సరిపోతుందో చూసి చెప్పే మనిషి ఉండాలంటున్నాం.

మనిషి ఎదురుగా లేకపోయినా పని జరుగుతుందని చెప్పే పరిశోధన ఇంకొకటి ఉంది. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో క్యాన్సర్ నుంచి బయటపడి 5 ఏళ్లు దాటిన 641 మంది పెద్దవయసు వాళ్లతో చేసిన ‘రెన్యూ’ పరిశోధన 2009లో వెలువడింది. వాళ్లకు ఏడాదిపాటు ఫోన్లు చేసి, పోస్టులో పుస్తకాలు పంపి, ఇంటి దగ్గరే చేసుకునే వ్యాయామం, తిండి అలవాట్లు నేర్పారు. నడవడం, లేవడం, తమ పని తాము చేసుకోవడం లాంటి శక్తి వాళ్లలో తగ్గడం నెమ్మదించింది. మన చేతిలో ఇవాళ ఫోన్ లేనివారెవరు? ఊరితో రోజూ గంటసేపు మాట్లాడే మనకు పదిహేను రోజులకోసారి పావుగంట ఆరోగ్యం గురించి మాట్లాడటం బరువు కాదు.

ఇలాంటి పని తెలుగునేలకూ కొత్త కాదు. శ్రీకాకుళం తీరంలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పును నోటి లోపల పెట్టి తాగే అలవాటు, ఎంత అంగిలి క్యాన్సర్ తెచ్చిందో ఆ ప్రాంతం వాళ్లకు వేరే చెప్పనవసరం లేదు. 1960ల చివరి నుంచి ముంబయి టాటా సంస్థ పరిశోధకులు అక్కడి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి నోళ్లు పరీక్షించారు. తర్వాత ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం ప్రాంతాల్లో కలిపి 36 వేల మందికి పైగా పొగాకు వాడేవారిని ఏటేటా కలిసి, పరీక్షించి, మానమని నచ్చజెప్పారు. ఆ ఫలితాలు 1986లో వచ్చాయి. మానినవాళ్లు, తగ్గించినవాళ్లు పెరిగారు. నోట్లో క్యాన్సర్‌కు ముందు వచ్చే తెల్లమచ్చలు కొత్తగా రావడం తగ్గింది. చదువు రాని పల్లె జనం మాట వినరని అప్పుడూ అన్నవాళ్లు ఉండే ఉంటారు. ఏటా గడప తొక్కి, పేరుపెట్టి పలకరించి చెబితే వింటారని శ్రీకాకుళం రుజువు చేసింది.

ఆ లెక్కల్లో మనం ఎక్కడ?

ఇన్ని పరిశోధనలు ఉండగా మళ్లీ మనకో పరిశోధన ఎందుకని అడగవచ్చు. అవి మన బతుకును దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు గనుక.

మొదటిది ఎండ. కువైట్‌లో మిత్రిబా దగ్గర 2016 జూలై 21న 53.9 డిగ్రీల వేడి నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు బయట పని చేయించకూడదని ఇక్కడి ప్రభుత్వమే నిషేధం పెట్టింది. ఇలాంటి చోట రోజూ ముప్పావుగంట నడవమంటే ఎప్పుడు, ఎక్కడ నడవాలి? కీమో వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్నవాడికి ఈ ఎండలో ఎంత నీరు కావాలి?

రెండోది పని. పొద్దంతా ఒళ్లు వంచి పనిచేసేవాడికి వేరే వ్యాయామం ఎందుకని మాలో చాలామంది అంటారు. కానీ పనిలో పడే కష్టం వేరు, తీరిక వేళ చేసే వ్యాయామం వేరు అని, గుండె ఆరోగ్యానికి రెండూ ఒకేలా మేలు చేయవని డెన్మార్క్ పరిశోధకులు ఏళ్ల తరబడి చెబుతున్నారు. మరి క్యాన్సర్ తగ్గి బుట్టలు మోసే మనిషికి కావలసింది ఇంకాస్త నడకా, ఇంకాస్త విశ్రాంతా? ఆఫీసు ఉద్యోగుల మీద చేసిన పరిశోధన దీనికి జవాబు ఇవ్వదు. మన మీద చేస్తేనే తెలుస్తుంది.

మూడోది తిండి. కూరగాయలు ఎక్కువగా తినమని ప్రతి డాక్టరూ చెబుతాడు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలూ అదే చెబుతున్నాయి. కువైట్ మార్కెట్లకు కూరగాయలు పండించే చేతులు మావి. రాత్రి మా కంచంలోకి వచ్చేది మాత్రం కుబ్బూస్, పప్పు నీళ్లు, ఊరగాయ. నోటి క్యాన్సర్‌కు కరెంటు పెట్టించుకున్న మనిషికి లాలాజలం ఊరదు, నోరు పూర్తిగా తెరుచుకోదు. ఎండిన కుబ్బూస్ వాడి గొంతు దిగదు. మెస్ వంటవాడికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? పేగు ఆపరేషన్ అయి పొట్టకు సంచీ పెట్టుకున్నవాడికి శుభ్రమైన మరుగుదొడ్డి దగ్గరలో ఉండాలి. షెడ్ల మధ్య అది ఎక్కడుంది?

నాలుగోది లెక్క. కువైట్‌లో క్యాన్సర్ వచ్చినవారు ఎంతకాలం బతుకుతున్నారో రోగం దశల వారీగా చెప్పిన ఒక అధ్యయనం 2019లో అచ్చయింది. అది కువైట్ పౌరులకే పరిమితం. ఇందులో దురుద్దేశం వెతకనక్కరలేదు. వైద్యం మధ్యలోనో, అయిపోయాకనో విమానమెక్కే విదేశీయుడు ఆ తర్వాత ఏమయ్యాడో ఇక్కడి ఆస్పత్రికి తెలిసే దారి లేదు. ఊరికి వెళ్లాక అక్కడి ఆస్పత్రికి ఇక్కడి ఫైలు అర్థం కాదు. ఇటు లెక్కలో లేక, అటు లెక్కలో లేక మనం రెంటికీ చెడ్డ రేవడి అవుతున్నాం. లెక్కలో లేనివాడి కోసం ఎవరూ పథకం రాయరు.

దాచడమే పెద్ద రోగం

అన్నిటికంటే పెద్ద అడ్డంకి భయమని ముందే అన్నాం. ఆ భయానికి కారణం లేకపోలేదు. గల్ఫ్ దేశాలకు పనికి వచ్చేవారి వైద్య పరీక్ష నిబంధనల్లో క్యాన్సర్ ఉన్నట్లు తెలిసినవారు ‘అన్‌ఫిట్’ జాబితాలో ఉన్నారు. హైదరాబాద్‌లోనో తిరుపతిలోనో వైద్యం చేయించుకుని, కోలుకుని, అప్పులు తీర్చడానికి మళ్లీ రావాలనుకున్నవాడు ఏం చేస్తాడు? ఫైలు ఇంట్లో పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు. కువైట్ వచ్చాక ఏ డాక్టరుకూ చెప్పడు. మూడు నెలల పరీక్ష ఏడాదికి పోతుంది, ఏడాది పరీక్ష అసలే పోతుంది. రోగం తిరగబెట్టినా నడుం నొప్పని మాత్ర మింగి పనిలోకి వెళ్తాడు.

రోగం ఒంట్లో ఉన్నవాడినీ, వైద్యం పూర్తయి ఏళ్లు గడిచినవాడినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదని మా అభిప్రాయం. డాక్టరు పనికి తగినవాడని రాసిచ్చిన మనిషికి దారి ఉండాలి. ఈ సంగతి మన రాయబార కార్యాలయం, మన రాష్ట్ర ప్రభుత్వాలు గల్ఫ్ ఆరోగ్య అధికారులతో మాట్లాడవలసిన అవసరం ఎంతైనా ఉంది. అయితే వట్టి విన్నపంతో నిబంధన మారదు. కోలుకున్న కూలీలు ఎంతమంది, ఎంత బాగా పనిచేస్తున్నారు, ఎంతమందికి రోగం తిరగబెట్టింది అనే లెక్క చూపించాలి. ఆ లెక్క పరిశోధన నుంచే రావాలి.

సమన్వయకర్త చేయాల్సిన పని

ఆ మనిషి డాక్టరే కానక్కరలేదు. తెలుగు, హిందీ, కొంచెం అరబ్బీ వచ్చి, రోగం గురించి శిక్షణ పొందిన నర్సయినా చాలు. మొదటగా, చేరిన ప్రతి ఒక్కరికీ ఒక పేజీ సారాంశం రాసివ్వాలి. ఏ క్యాన్సర్, ఏ దశ, ఏ ఆపరేషన్, ఏ మందులు, మళ్లీ పరీక్ష ఎప్పుడు అన్నవి తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ, అరబ్బీలోనూ ఉండాలి. రెండోది, పరీక్ష తేదీకి సెలవు, బండి కుదర్చాలి. వఫ్రా నుంచి షువైక్ వెళ్లి రావడమంటే ఒక రోజు జీతం, టాక్సీ ఖర్చు పోయినట్లే. నెలలో ఒక రోజు నలుగురైదుగురిని కలిపి ఒకే వ్యానులో తీసుకెళ్లవచ్చు. మూడోది, ఒక్కొక్కరి ఒంటికీ పనికీ తగినట్లు నడక, తిండి, నీరు, నిద్ర ఎలా ఉండాలో డాక్టరుతో రాయించి, ఫోనులో వెంటపడాలి. నాలుగోది, మనిషి ఊరికి వెళ్లిపోతే అక్కడి ఆస్పత్రికి అప్పగించాలి. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. ఆస్పత్రి, 2000లో ప్రారంభమైన బసవతారకం ఆస్పత్రి, తిరుపతి అలిపిరి దగ్గర 2022లో తెరిచిన శ్రీవెంకటేశ్వర క్యాన్సర్ సంస్థ, విశాఖ అగనంపూడిలో హోమీ బాబా ఆస్పత్రి ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పేదవాడికి కూడా క్యాన్సర్ వైద్యం అందుతోంది. ఇంతమందిని బతికించిన ఆస్పత్రులకు, వాళ్లు సముద్రం దాటాక ఏమయ్యారో తెలుసుకోవాలని ఉండదా?

అయిదోది, అన్నిటికంటే ముఖ్యమైనది, గుట్టు. పేర్ల బదులు నంబర్లు వాడాలి. జాబితా కంపెనీ చేతికి గానీ, కఫీల్ చేతికి గానీ, మందూబ్ చేతికి గానీ వెళ్లకూడదు. చేరడం, మానడం మన ఇష్టం. ఒప్పంద పత్రం తెలుగులో ఉండాలి, చదవడం రానివారికి చదివి వినిపించాలి. నైతిక కమిటీ అనుమతి లేకుండా ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు. పరిశోధన అనగానే మన మీద మందులు ప్రయోగిస్తారని కొందరు బెదురుతారు. ఇందులో సూదీ లేదు, మందూ లేదు. అలవాట్లు అడుగుతారు, మంచివి నేర్పుతారు, బరువు తూస్తారు, రాసుకుంటారు. చివర్లో ఫలితం మంచిదైనా, చెడ్డదైనా మనకు తెలుగులో చెప్పాలి. అది మన హక్కు.

డబ్బు ఎవరిస్తారన్నది సహజమైన ప్రశ్న. ఆపదలో ఉన్న భారతీయుల కోసం 2009లో ఏర్పాటైన సంక్షేమ నిధి రాయబార కార్యాలయం దగ్గర ఉంది. అది అత్యవసర వైద్యానికి, ఇంటికి పంపడానికి పనికొస్తుంది. పరిశోధనకు మాత్రం ఆస్పత్రులు, విశ్వవిద్యాలయాలు ముందుకు రావాలి. మన తెలుగు సంఘాలు ఏటా ఉగాదికి, సంక్రాంతికి హాలు తీసుకుని ఘనంగా వేడుకలు జరుపుతాయి. మంచిదే. ఆ ఖర్చులో పదోవంతు పక్కన పెడితే నెలకో వ్యాను తిరుగుతుంది. ముందు జీతాలు సరిగా ఇప్పించండి, నడకలు తర్వాత అనేవాళ్లూ ఉన్నారు. జీతం కోసం పోరాడాల్సిందే. కానీ ఆ జీతం ఇంటికి పంపడానికి మనిషి బతికుండాలి కదా?

అప్పటిదాకా మనం

పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకనపెట్టుకున్నట్లు, క్యాన్సర్ నుంచి బయటపడి కూడా పొగాకును వెంట తెచ్చుకోవద్దు. సిగరెట్టు, ఖైనీ, గుట్కా ఏదైనా ఒకటే. పొగాకు కలపని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో తేల్చింది. పురుగుమందు కొట్టేటప్పుడు చేతి తొడుగులు, ముఖానికి మాస్కు అడగండి. మలాథియాన్, డయాజినాన్, గ్లైఫోసేట్ మందులు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవని అదే సంస్థ 2015లో చెప్పింది. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించవద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఊరగాయ రోజూ కాకుండా ఎప్పుడో ఒకసారి వేసుకుంటే చాలు. చల్లపొద్దున నడవడానికి డాక్టరు ఒప్పుకుంటే, గదిలో ఒకరిని తోడు తీసుకోండి.

ఫలానా ఆకు, ఫలానా పొడి తింటే క్యాన్సర్ మళ్లీ రాదని ఫోన్లో వచ్చే మాటలు నమ్మవద్దు. అమెరికాలో రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడిన 3,088 మంది స్త్రీలపై ఏళ్ల తరబడి చేసిన పరిశోధన 2007లో వచ్చింది. మామూలు సలహా కంటే చాలా ఎక్కువగా కూరగాయలు, పండ్లు తినిపించి, కొవ్వు తగ్గించినా, రోగం తిరగబెట్టడంలో తేడా కనిపించలేదు. మంచి తిండి ఒంటికి బలం. కానీ అది పరీక్ష తేదీకి బదులు కాదు. ఏం తిన్నా, ఎంత నడిచినా డాక్టరు చెప్పిన తేదీ తప్పవద్దు. ఆ తేదీలను చిన్న నోటుబుక్కులో రాసుకుని, దాని ఫొటో ఇంట్లో నమ్మకమైన ఒకరి ఫోనులో ఉంచండి.

మిగతా మనకూ ఒక పని ఉంది. క్యాన్సర్ అంటురోగం కాదు. పక్క మంచం మీద పడుకుంటే రాదు, ఒకే గ్లాసులో నీళ్లు తాగితే రాదు. గదిలో ఒకరు ధైర్యం చేసి చెప్పుకుంటే వాళ్ల మాట గది దాటకుండా చూడటం, బరువు పని మనమొకరం పంచుకోవడం, పరీక్ష రోజున వాళ్ల డ్యూటీ మనం చూడటం చేయగలిగినవే.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు కూడా మనలాగే సముద్రం దాటినవారే. అమెరికా చేరిన కొత్తలో పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. తర్వాత ఆయన నడిపిన ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్ మందుతోనే, రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో రోగం కొంతకాలమైనా వెనక్కి తగ్గుతుందని 1948లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లోకానికి చూపించారు. క్యాన్సర్ మనుషులను బతికించే ప్రయత్నంలో ఒక తెలుగు వలస మనిషి చెయ్యి ఉంది. బతికినవాళ్ల తర్వాతి బతుకు లెక్క తీసే పనిలో తెలుగు వలస కూలీల పేరు ఎందుకు ఉండకూడదు?

షువైక్ వైద్యులను, మన రాయబార కార్యాలయాన్ని, తెలుగు సంఘాలను, హైదరాబాద్, తిరుపతి, విశాఖ ఆస్పత్రులను మేము కోరేది ఇదే. ఒక్క గదిలో కూర్చోండి. ఒక్క సమన్వయకర్తను పెట్టండి. వఫ్రాలో మొదలుపెట్టండి. ఇక్కడ నిలబడితే అబ్దలీలోనూ, జ్లీబ్‌లోనూ, మహబూలాలోనూ నిలబడుతుంది. గుట్టు కాపాడతామని మాట ఇస్తే, పెట్టెల్లో దాచిన ఫైళ్లు బయటికి వస్తాయి. మాకు ఆ నమ్మకం ఉంది.